హైదరాబాద్‌లో ఉండి పాత నాణేలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా గుర్తుపట్టాలి

పాత నాణేల మీద ఇష్టం పుట్టగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో కనిపించిన యాడ్ నొక్కి, "శాతవాహనుల నాణెం, 2000 ఏళ్ల నాటిది" అని రాసి ఉన్న బిళ్ల ఒకటి ఆర్డర్ పెట్టడం. ఆ పని ఇప్పుడే వద్దు. మొదటి ఒకటి రెండు నెలలు రూపాయి ఖర్చు పెట్టకుండా చూడటం మీదే ఉండండి. అసలు నాణెం ఎలా ఉంటుందో కంటికి అలవాటు కాకపోతే నకిలీని ఎదురుగా పెట్టినా తేడా తెలియదు, అమ్మేవాడు చెప్పిందే నమ్మాల్సి వస్తుంది.

చూడటానికి మనకున్నన్ని అవకాశాలు చాలా ఊళ్లకు లేవు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి వెళ్లండి, దాని నాణేల సేకరణ చాలా పెద్దది. సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, సైఫాబాద్ పాత మింట్‌లో ఇప్పుడు మ్యూజియం పెట్టారు. ఒక ఆదివారం ఖాళీ చేసుకుంటే సంగారెడ్డి దగ్గర కొండాపూర్ వెళ్లొచ్చు. అక్కడ 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే శాతవాహనుల కాలం నాటి నాణేలు విపరీతంగా బయటపడ్డాయి, నాణేలు పోత పోసే మట్టి అచ్చులు కూడా దొరికాయి. మ్యూజియంలో బంగారు వరహాల దగ్గర అందరూ ఆగుతారు, మీరు మాత్రం సీసం నాణేల దగ్గర, పోటిన్ అనే మిశ్రమ లోహపు నాణేల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. అంచులు ఎలా అరిగాయి, రంగు ఎక్కడ నల్లగా ఎక్కడ బూడిదగా ఉంది, అక్షరాలు ఎంతవరకు నాణెం మీద పడ్డాయి, ఎంత బయటకు పోయాయి, ఇవన్నీ నోట్‌బుక్‌లో గీసుకోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. ఫోటో తీస్తే కన్ను చూసి వదిలేస్తుంది, గీస్తే ప్రతి గీతనూ పట్టుకుంటుంది.

ఏ నాణేలతో మొదలుపెట్టాలి

నన్నడిగితే ఆసఫ్‌జాహీ, అంటే హైదరాబాద్ నిజాంల నాణేలతో మొదలుపెట్టమంటాను. ప్రాచీనం కాదు కదా అంటారేమో, నిజమే, కానీ ఇవి మన ఊళ్లోనే ముద్రించినవి, వీటి మీద సంవత్సరం ఉంటుంది, చిన్న రాగి నాణేలైతే చవకగా దొరుకుతాయి. ఒక నాణేన్ని గుర్తుపట్టడం అంటే ఏంటో మొత్తం పద్ధతి వీటి మీదే నేర్చుకోవచ్చు. రెండు పైల రాగి నాణెం, మధ్యలో చిల్లున్న రెండు పైలు, నాలుగు పలకల అణా, ఇలా కొన్ని పోగేసుకుని ముందు అంకెలు చదవడం నేర్చుకోండి.

పారసీ అంకెలు ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. ఒకటి నిలువు గీత. రెండు, మూడు ఆ గీతకే పైన ఒక పన్ను, రెండు పళ్లు పెట్టినట్టుంటాయి. ఐదు గుండ్రంగా, చాలాసార్లు తలకిందులుగా పెట్టిన హృదయం గుర్తులా ఉంటుంది. ఆరు చూడటానికి మనం వాడే 7కి దగ్గరగా ఉంటుంది, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఏడు ఇంగ్లిష్ వి అక్షరం, ఎనిమిది దాన్నే తిరగేసింది, తొమ్మిది మన 9 లాగే, సున్నా ఒక చుక్క. అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాసినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. వచ్చింది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే మన లెక్కలో సంవత్సరం వస్తుంది, ఒక ఏడాది అటూ ఇటూ. 1321 హిజ్రీ అని ఉంటే 1903 అన్నమాట.

ఇప్పుడు చార్మినార్ రూపాయిని దగ్గరగా చూద్దాం. బొమ్మ వైపు చార్మినార్, చుట్టూ నిజాముల్ ముల్క్ ఆసఫ్‌జా అనే బిరుదు. ఒక చోట 92 అనే అంకె కనిపిస్తుంది, అది సంవత్సరం కాదు, అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం. కొత్తగా చూసేవాళ్లు దీన్ని 1292 అనుకుని కంగారు పడుతుంటారు. అసలు చూడాల్సింది చార్మినార్ మధ్య కమాను లోపల. లెన్స్ పెట్టి చూడండి, అక్కడ ఒక చిన్న అక్షరం ఉంటుంది. మీమ్ అయితే మహబూబ్ అలీఖాన్ నాణెం, ఐన్ అయితే ఉస్మాన్ అలీఖాన్‌ది. మహబూబ్ 1911లో చనిపోయారు, కొడుకు గద్దెనెక్కిన మొదటి రోజుల్లో వేసిన నాణేల మీద ఐన్ అక్షరం పొట్టిగా, ఆ తర్వాత పూర్తిగా ఉంటుంది. కంటికి ఆనని ఆ తేడాతో నాణెం ఏ ఏడాదిదో, ఎంత అరుదైనదో మారిపోతుంది. హాలీ సిక్కా అని పిలిచే ఈ నిజాం డబ్బు 1959 వరకు చెలామణిలో ఉంది, ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు ఇండియా రూపాయలు వచ్చేవి. ఇంట్లో 80 ఏళ్లు దాటిన పెద్దవాళ్లుంటే అడిగి చూడండి, వాళ్లు చేత్తో ఖర్చు పెట్టిన డబ్బే ఇది.

ఇవి చదవడం వచ్చాక వెనక్కి నడవండి. 1857 వరకు నిజాంల రూపాయల మీద మొఘల్ చక్రవర్తి పేరే ఉంటుంది, అందుకే ఆ పేరు చూసి ఢిల్లీ నాణెం అనుకోకండి, ముద్రించిన ఊరు ఎక్కడో వెతకండి. ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని ఉంటే ఆసఫ్‌జాహీలది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయాక మొఘలులు ఇక్కడ వేసిన నాణేల మీద దారుల్ జిహాద్ హైదరాబాద్ అని ఉంటుంది. దానికి ముందు కుతుబ్‌షాహీల రాగి నాణేలు, మందంగా, ఎగుడుదిగుడు అంచులతో. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో 1068 హిజ్రీ, అంటే 1657-58 నాటి రాగి నాణెం మీద "మంచిగా, శుభంగా ముగిసింది" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించింది 1656లో. ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని నాణేన్ని చేతిలో పట్టుకుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఇలాంటి రాతలు చదవడం కష్టమైతే పాతబస్తీలో పారసీ, ఉర్దూ బాగా వచ్చిన పెద్దలు దొరుకుతారు, మర్యాదగా అడిగితే ఓపికగా చదివి పెడతారు.

కొనాల్సిన సామాన్లు

ఎక్కువేమీ అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్, 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా, వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, తల వంచుకునే టేబుల్ లైటు. లైటు గురించి ఒక మాట చెప్పాలి. పై నుంచి వెలుగు పడితే అరిగిపోయిన అక్షరాలు కనపడవు. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి, టేబుల్ లైటును నాణేనికి పక్కగా, బాగా కిందకు దించి నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ఏమీ లేదనుకున్న చోట నీడల్లో అక్షరం లేచి వస్తుంది.

గుర్తుపట్టే వరస

కొత్తవాళ్లు నేరుగా రాజు పేరు వెతుకుతారు. అది చివర రావాలి. ముందు లోహం, తర్వాత బరువు, తర్వాత తయారు చేసిన పద్ధతి, ఆ తర్వాత గుర్తులు, ఆఖర్న అక్షరాలు. ఈ వరస ఎందుకంటే మొదటి మూడూ నాణెం ఎంత అరిగినా కొంతవరకు మిగిలే ఉంటాయి.

లోహం: సీసం చేతిలోకి తీసుకోగానే దాని సైజుకు మించిన బరువు తెలుస్తుంది, బూడిద రంగు, మెత్తగా ఉంటుంది, మీద తెల్లటి పొర ఉండొచ్చు. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమం, నలుపు బూడిద కలిసిన రంగులో ఉంటుంది, పెళుసు, కింద పడితే విరగొచ్చు. రాగి మీద ఆకుపచ్చ, గోధుమ రంగు పొరలు. వెండి నల్లబడుతుంది. సీసం నాణేలు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి, పిల్లలకు అందకుండా పెట్టండి.

వెండి అని చెప్పింది వెండేనా కాదా అని టెన్షన్ ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు నాణేన్ని మామూలుగా తూచి రాసుకోండి. తర్వాత కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తీసుకురండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి పూర్తిగా నీళ్లలో మునిగేలా, అడుగుకు గానీ గోడలకు గానీ తగలకుండా వేలాడదీయండి. కాటా మీద చిన్న అంకె వస్తుంది. మొదటి బరువును ఆ అంకెతో భాగించండి. శుద్ధమైన వెండికి 10.5, రాగికి 8.9, సీసానికి 11.3, బంగారానికి 19.3 రావాలి. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, దాంట్లో వెండి సుమారు 82 శాతం, కాబట్టి నీళ్లలో 1.10 దగ్గర చూపించి లెక్క పది దాటాలి. 1.25 చూపిస్తే అది వెండి రూపాయి కాదు. రెండు గ్రాముల లోపు నాణేలకు ఈ లెక్క సరిగ్గా రాదు, సీసం నాణేలను అసలు తడపొద్దు.

బరువు: విద్దాంక నాణేలు, అంటే వెండి ముక్క మీద విడివిడిగా గుర్తులు కొట్టినవి, 32 గురివింద గింజల తూకం, మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ. విజయనగరం వరహా కూడా ఇంచుమించు 3.4 గ్రాములే, అర వరహా 1.7. రూపాయి జాతి నాణేలు 11 గ్రాముల పైచిలుకు. మీ నాణెం రూపాయి అని చెప్పి తొమ్మిది గ్రాములు తూగితే అక్కడే ఆగి ఆలోచించండి.

తయారీ: ముద్ర కొట్టారా, పోత పోశారా, మెషీన్ మీద వేశారా చూడండి. విద్దాంక నాణెం గుండ్రంగా ఉండదు, బరువు సరిచేయడానికి మూలలు కత్తిరించి ఉంటాయి, ముఖం మీద ఐదు గుర్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, వెనక వైపు చిన్న చిన్న ముద్రలు ఉండొచ్చు. సూర్యుడు, ఆరు చేతుల చక్రం లాంటి గుర్తు వీటిలో తరచూ కనిపిస్తాయి. అమరావతిలో ఇలాంటివి పెద్ద రాశి దొరికింది.

ఇక గుర్తులు, అక్షరాలు. ఒక శాతవాహన పోటిన్ నాణెం ముందు పెట్టుకుందాం. బొమ్మ వైపు ఏనుగు, కుడి వైపు తిరిగి, తొండం పైకెత్తి ఉంటుంది. బొరుసు వైపు ఉజ్జయిని గుర్తు: ఒక కూడిక గుర్తు, దాని నాలుగు కొనలకూ నాలుగు వలయాలు, కొన్నిటిలో వలయం లోపల ఇంకో వలయం. ఈ రెండూ కనిపిస్తే శాతవాహనులదని దాదాపు చెప్పొచ్చు, ఏ రాజో తెలియాలంటే ఏనుగు చుట్టూ ఉన్న బ్రాహ్మీ అక్షరాలు చదవాలి. ఇక్కడ చాలామంది నిరుత్సాహపడతారు, ఎందుకంటే ముద్ర పెద్దది, నాణెం బిళ్ల చిన్నది, పూర్తి పేరు ఒక్క నాణెం మీద పడటం అరుదు. నాలుగో ఐదో అక్షరాలు ఉంటాయి, మిగతావి బిళ్ల బయటకు పోయి ఉంటాయి. కాబట్టి మీరు వెతకాల్సింది మొత్తం వాక్యం కాదు, ఒక రాజును ఇంకొక రాజు నుంచి వేరు చేసే అక్షరాలు. "రఞో" అంటే రాజు యొక్క, "సిరి" అంటే శ్రీ, ఈ రెండూ అందరికీ ఉంటాయి కాబట్టి అవి దొరికినా రాజు తెలియడు. "పుళుమావిస" లోంచి "ళుమా" దొరికితే పులుమావి. "యఞ" దొరికితే యజ్ఞశ్రీ. "సాతకణిస" మాత్రమే ఉంటే శాతకర్ణి అనే పేరున్న రాజులు చాలామంది, అక్కడ తొందరపడి గౌతమీపుత్ర అని రాసేయకండి. దానికి ముందు "గోతమి" కనపడాలి. ఏ అక్షరం గడియారంలో ఎన్ని గంటల దగ్గర ఉందో రాసుకోండి: పన్నెండు దగ్గర ఏనుగు వీపు పైన సి, ఒంటి గంట దగ్గర రి, ఇలా. అదే రకం నాణేలు నాలుగైదు చూస్తే ఒకదానిలో లేని అక్షరం ఇంకోదానిలో దొరుకుతుంది, ముక్కలన్నీ కలిపి పేరు పూర్తవుతుంది. బ్రాహ్మీ నేర్చుకోవడానికి ముప్పై నలభై అక్షరాలు చాలు, మన తెలుగు లిపి పుట్టింది దాంట్లోంచే కాబట్టి కొన్ని రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

వేరే రకాలు త్వరగా చెప్పేస్తాను. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంటే పులుమావి, ఆయన తర్వాతి శాతవాహనుల నాణెం, ఇవి కోస్తా వైపు ఎక్కువ. వెండి మీద రాజు తల, ఆ తల వెనక చిన్న అంకెలు ఉంటే పశ్చిమ క్షత్రపులు, ఆ అంకె శక సంవత్సరం, 78 కలపండి. సింహం, వెనక శంఖం, అటూ ఇటూ దీపస్తంభాలు ఉంటే విష్ణుకుండినులు. పలుచని బంగారు బిళ్ల, మధ్యలో వరాహం, చుట్టూ విడివిడిగా కొట్టిన తెలుగు అక్షరాలు ఉంటే తూర్పు చాళుక్యులు. బాలకృష్ణుడు కూర్చుని ఉండి వెనక నాగరి లిపిలో ప్రతాప కృష్ణరాయ అని ఉంటే శ్రీకృష్ణదేవరాయలు. రోమన్ వెండి దీనారాలు కూడా మన నేలలో ఉన్నాయి, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా ఒకే చోట దొరికాయి, అగస్టస్, టైబీరియస్ కాలానివి.

ఒక్కోసారి ఒక రాజు ముద్ర మీద ఇంకో రాజు ముద్ర కనిపిస్తుంది. పాడైపోయిన నాణెం అనుకుని పక్కన పడేయకండి. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 1906లో పశ్చిమ క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు 13,000కు పైగా దొరికితే వాటిలో తొమ్మిది వేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్లీ కొట్టించినవి. శత్రువు ముఖం మీద తన ముద్ర వేయించాడు. కింద ఉన్న పాత ముద్ర మిగిలి కనిపిస్తోంది కాబట్టే ఎవరి తర్వాత ఎవరో తేలింది.

కొనేటప్పుడు

గురువారం జుమేరాత్ బజార్‌లో, చార్మినార్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద, ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత నాణేలు పరిచి కూర్చునే వాళ్లు కనిపిస్తారు. "అస్లీ మాల్ హై సాబ్" అని ప్రతి ఒక్కరూ అంటారు. అక్కడికి వెళ్లండి, చూడండి, మాట్లాడండి, బేరం ఆడండి, కానీ మొదటి ఏడాది అక్కడ చిన్న రాగి నాణేలకు మించి కొనొద్దు. ఖరీదైనవి లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర, లేదా ఊళ్లో అప్పుడప్పుడూ జరిగే నాణేల ప్రదర్శనల్లో, బిల్లు తీసుకుని కొనండి.

నకిలీని పట్టుకోవడానికి అంచు నుంచి మొదలుపెట్టండి. పోత పోసిన నకిలీలకు అంచు చుట్టూ సన్నని గీత, లేదా ఆ గీతను ఆకురాయితో రుద్దిన గుర్తులు ఉంటాయి. లెన్స్‌లో చూస్తే సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి, అవి గాలి బుడగలు. అక్షరాల అంచులు పదునుగా లేకుండా సబ్బు అరిగినట్టు ఉంటాయి. చేత్తో కొట్టిన రెండు పాత నాణేలు ఎప్పుడూ అచ్చు ఒకేలా ఉండవు, అమ్మేవాడి దగ్గర ఒకే పగులు, ఒకే మచ్చ, ఒకే వంపుతో రెండు కనిపిస్తే రెండూ నకిలీలే. అయితే పురాతన కాలంలో పోత పోసిన అసలు నాణేలూ ఉన్నాయని మర్చిపోవద్దు, ఏ రకం ఎలా తయారైందో ముందు తెలుసుకుని అప్పుడు తీర్పు చెప్పండి.

1818 సంవత్సరం, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, ఒక వైపు రామదర్బారో హనుమంతుడో ఉన్న బిళ్లలు మన దగ్గర లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. అవి కంపెనీ ముద్రించిన డబ్బు కాదు, తర్వాతి కాలంలో అమ్ముకోవడానికి తయారు చేసినవి. పూజ గదిలో పెట్టుకుంటే మీ ఇష్టం, నాణెంగా కొనకండి. వీటినే రైస్ పుల్లింగ్ అంటూ, బియ్యపు గింజల్ని లాగుతుందని, కోట్ల ధర పలుకుతుందని చెప్పి మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాల్ని ముంచారు. బియ్యాన్ని లాగే లోహం ఏదీ లేదు. ఇనుప రజను పూసిన గింజలు, అయస్కాంతం, అంతే. అలాగే "మీ దగ్గరున్న ఐదు రూపాయల నాణేనికి ఐదు లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. తమ పేరు చెప్పి ఇలా ఫీజులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

చట్టం

ఇది ఇష్టం లేకపోయినా చదవాల్సిన భాగం. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. మీ పొలంలో దున్నుతుంటే కుండ బయటపడినా ఇదే వర్తిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని మనంతట మనం దేశం దాటించకూడదు, అమెరికాలో ఉన్న బాబాయికి గిఫ్టుగా సూట్‌కేసులో పెట్టడం కూడా కుదరదు. రక్షిత ప్రదేశాల్లో, పాత దిబ్బల మీద మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరగొద్దు, తవ్వొద్దు.

చట్టం సంగతి పక్కన పెట్టినా నేను ఈ విషయంలో గట్టిగా ఉంటాను. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడి నాణేల మీద చిముక అనే పేరు దొరికింది, పురాణాలు చెప్పే మొదటి శాతవాహన రాజు నిజంగా ఉన్నాడని చెప్పే ఆధారాల్లో అది ఒకటి. దాంతో పాటు గోబద, నారన, సమగోప అనే పేర్లు వచ్చాయి. ఈ ముగ్గురూ ఏ పురాణంలోనూ లేరు, శాతవాహనుల కంటే ముందు ఈ నేలను ఏలినవాళ్ల పేర్లు మనకు తెలిసింది ఆ నాణేల వల్లే. అవి కోటిలింగాలలో దొరికాయని తెలుసు కాబట్టి మనకు చరిత్ర దక్కింది. అదే నాణెం ఊరు పేరు లేకుండా నాలుగు చేతులు మారి ఏ బజారులోనో తేలితే దాని మీద ఒక పేరు మాత్రం ఉంటుంది, ఆ పేరు ఎక్కడిదో చెప్పే దారి ఉండదు. పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరులో 20 వేలకు పైగా శాతవాహన నాణేలు దొరికాయి. ఆ రాశి ఒక్కొక్క నాణెంగా అమ్ముడుపోయి ఉంటే, అవన్నీ ఒకే చోటివని ఎవరికీ తెలిసేది కాదు.

అందుకే కొన్న ప్రతి నాణెం గురించి అమ్మేవాళ్లను అడగండి: ఎక్కడి నుంచి వచ్చింది, దీంతో పాటు ఇంకేం వచ్చాయి. చెబితే అప్పుడే రాసుకోండి, "వరంగల్ వైపు" అన్నంత అస్పష్టంగా చెప్పినా వాళ్ల మాటల్లోనే రాయండి. ఇంకా మట్టి అంటుకునే ఉండి, నిన్ననే తవ్వినట్టున్న నాణేలు రాశిగా చూపిస్తే కొనకుండా వచ్చేయండి.

కడగొద్దు, ఇలా దాచండి

చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, బ్రాసో, వీటిలో ఏదీ వద్దు. నాణెం మీద వందల ఏళ్లుగా ఏర్పడిన పొరే దాన్ని కాపాడుతోంది, అసలుదని చెప్పేదీ అదే. తళతళలాడేలా తోమితే అక్షరాల పైభాగం కూడా పోతుంది, మళ్లీ రాదు. రాగి, వెండి నాణేల మీద వదులుగా ఉన్న మట్టి మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని బ్రష్‌తో తీయొచ్చు. రాగి మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, గీకిన చోట మళ్లీ పుడుతుంటే అది క్లోరైడ్ తెగులు. ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి పొడిగా ఉంచండి, మ్యూజియంలో సంరక్షణ పని చేసేవాళ్లకు చూపించండి.

పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నాళ్లకు అవి ఆకుపచ్చగా జిగురు కక్కుతాయి. పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్ కవర్లు లేదా ఆమ్లం లేని కాగితం కవర్లు తీసుకోండి. సీసం నాణేలను చెక్క డబ్బాలో, అట్టపెట్టెలో పెట్టకండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారి లోపల్నుంచి తినేసుకుంటుంది. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడూ మార్చండి. పట్టుకునేటప్పుడు అంచులతోనే పట్టుకోండి, కింద మెత్తని టవల్ పరుచుకోండి.

లెక్క పుస్తకం

ప్రతి నాణేనికి ఒక నంబరు, అదే నంబరు కవర్ మీద. పుస్తకంలో కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు, ఎక్కడ దొరికిందని చెప్పారు, లోహం, బరువు, వ్యాసం, బొమ్మ వైపు ఏముంది, బొరుసు వైపు ఏముంది, చదవగలిగిన అక్షరాలు. బొమ్మను నిటారుగా పెట్టి నాణేన్ని తిప్పితే బొరుసు నిటారుగా ఉందా తలకిందులుగా ఉందా కూడా రాయండి. చదవలేని అక్షరం ఉంటే ఊహించి పూర్తి చేయకండి, అక్కడ చుక్కలు పెట్టండి. మీరు అనుకుంటున్న రాజు పేరును పెన్సిల్‌తో రాయండి, ఏ ఆధారంతో అలా అనుకున్నారో పక్కనే రాయండి, రేపు ఇంకో మంచి నాణెం చూసినప్పుడు మార్చుకోవచ్చు. రెండు వైపులా, పక్క నుంచి వెలుగు పడేలా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి అదే నంబరుతో దాచండి.

ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి పెట్టండి. చాలా ఇళ్లలో సేకరించిన మనిషి పోయాక డబ్బా అలాగే కంసాలి దగ్గరకు వెళ్తుంది, వెండి తూకానికి కరిగిపోతుంది, సీసం నాణేలు చెత్తలోకి పోతాయి. మొదటి పేజీలోనే తెలుగులో స్పష్టంగా రాయండి: వీటిని తోమకండి, తూకానికి అమ్మకండి, ఏ కవర్‌లోంచి తీసిన నాణేన్ని ఆ కవర్‌లోనే పెట్టండి, ఏం చేయాలో తెలియకపోతే పుస్తకంతో సహా పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం వాళ్లను అడగండి.